విశాఖ ఫ్లాట్‌లో చెమ్మ పని: కొలతలు, ఖర్చులు, కుదరని పద్ధతులు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో, 1990లలో కట్టిన నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు ఫ్లాటు ఇది. పైన మరో ఇల్లు ఉన్నందున డాబా నుంచి కారే సమస్య లేదు. అయినా మూడు చోట్ల చెమ్మ ఉండేది.

మొదటిది హాలు గోడ. దీనికి అవతల బాత్‌రూమ్ ఉంది. నేల నుంచి సుమారు 70 సెం.మీ. ఎత్తు వరకు రంగు పొంగి, పెచ్చులుగా ఊడి, కింద తెల్లని పొడి రాలేది. రెండోది తూర్పు గోడ. పడకగది కిటికీ పైన, సన్‌షేడ్ గోడను కలిసే చోట గోధుమరంగు మరకలు ఉండేవి. మూడోది బీరువా గోడ. పడకగదికి, సామాన్ల గదికి మధ్య ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అది. సామాన్ల గది వైపు, చెక్క బీరువా వెనుక, వేసవి మొదలు దసరా వరకు నల్లని బూజు పట్టేది.

వెనుక ఏళ్లలో మూడింటికీ ఒకే వైద్యం జరిగింది. పెయింటర్ గోడ గీకి, డాంప్‌ప్రూఫ్ రెండు కోట్లు కొట్టి, లప్పం పెట్టి, ప్లాస్టిక్ ఎమల్షన్ వేసేవాడు. ఆ పని ఒక వర్షాకాలం కూడా నిలిచేది కాదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా ఈసారి ఏ గోడమీదా తాపీ పెట్టకూడదన్న నిబంధనతో జూన్‌లో పని మొదలైంది.

దశ 1: పరికరాలు, వాటిని సరిచూడటం

కొన్నవి ఇవి: గాలిలో తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు (900 రూపాయలు), తాకకుండానే గోడ వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గన్ (1,300), పిన్నులు గుచ్చే తేమ మీటరు (1,400), మందపాటి పాలిథిన్, టేపు, ఫుడ్ కలర్ (250).

చవక హైగ్రోమీటర్లను పెట్టెలోంచి తీసి నేరుగా నమ్మడానికి లేదు. సరిచూసే పద్ధతి వంటింట్లోనే ఉంది.

1. చిన్న మూతలో వంట ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీరు కలపాలి. ఉప్పు పూర్తిగా కరగకూడదు.
2. ఆ మూతను, హైగ్రోమీటరును గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా కదల్చకుండా వదిలేయాలి.
3. ఉదయం మీటరు 75 శాతం చూపాలి. ఎంత తేడా ఉంటే అంత సవరణ అంకెను మీటరు వెనుక రాసి అంటించాలి.

మా మీటర్లలో ఒకటి 71 చూపింది, రెండోది 78 చూపింది. సవరణ చేయకుండా ఒకదాన్ని గదిలోను, మరొకదాన్ని బయట పెట్టి పోల్చి ఉంటే, లేని ఏడు శాతం తేడాకు కారణం వెతుక్కుంటూ కూర్చోవలసి వచ్చేది. ఈ డైరీలోని తేమ శాతాలన్నీ సవరణ చేసినవే.

ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే టైలు మీద, లోహం మీద తప్పు అంకె చూపుతుంది. అలాంటి చోట కాగితపు మాస్కింగ్ టేపు ముక్క అంటించి, అది గోడ వేడికి వచ్చాక దానిమీద కొలవాలి. పిన్నుల మీటరు స్కేలు కలప కోసం తయారైనది. గోడమీద అది చూపే అంకెను నీటి శాతంగా తీసుకోకూడదు. పైగా గోడలో ఉప్పు ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. పొడిగా ఉన్న ఒక లోపలి గోడమీద కొలిచి, ఆ అంకెతో మిగతావాటిని పోల్చడానికి మాత్రమే దాన్ని వాడాను. పొడి గోడమీద 9 వచ్చింది. హాలు గోడమీద 38, తూర్పు గోడ మరక మీద 27, బీరువా గోడమీద 14 వచ్చాయి.

ఇప్పటివరకు ఖర్చు: 3,850 రూపాయలు.

పాలిథిన్ పరీక్ష

ప్రతి గోడకు 45 సెం.మీ. చదరపు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా గాలి చొరకుండా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాలి. గోడ వైపున నీటి చుక్కలు కడితే నీరు గోడలో నుంచి వస్తున్నట్లు. గది వైపున తడి ఉంటే గాలిలోని ఆవిరి చల్లని గోడ దగ్గర నీరవుతున్నట్లు.

హాలు గోడ పాలిథిన్‌కు గోడ వైపు చుక్కలు కట్టాయి. తూర్పు గోడ వద్ద కూడా అంతే, కాకపోతే తక్కువ. బీరువా గోడ మాత్రం ఇబ్బంది పెట్టింది. బీరువా జరిపి పాలిథిన్ అంటిస్తే రెండు వైపులా పొడిగానే ఉంది. బూజు కళ్లెదుట ఉండగా పరీక్ష మాత్రం ఏమీ లేదంటోంది. బీరువాను మళ్లీ యథాస్థానానికి నెట్టి, పాలిథిన్‌ను అలాగే ఉంచి పరీక్షను కొనసాగిస్తే, మర్నాటి ఉదయం గది వైపు ముఖం వేలికి చల్లగా, తడిగా తగిలింది. అద్దంమీద ఊదినట్లు సన్నని పొర. కాబట్టి ఈ పరీక్షను సామాన్లు జరిపి కాక, అవి రోజూ ఉండే చోటనే ఉంచి చేయాలి. దీనికి కారణం నాలుగో దశలో వివరించాను.

దశ 2: బాత్‌రూమ్, హాలు గోడ

పాత అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ శ్లాబును మిగతా నేలకన్నా కిందికి దించి, ఆ గుంతలో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలు నింపి, దానిమీద గచ్చు చేసి టైలు వేసేవారు. టైలు సందులోంచో, నేలమీది నీరు బయటికి పోయే ట్రాప్ అంచులోంచో దిగిన నీరు ఆ ఇటుక ముక్కల మధ్య నిలిచిపోతుంది. అక్కడి నుంచి పక్క గోడ ఇటుకలు దాన్ని పీల్చుకుంటాయి. బాత్‌రూమ్‌ను వారం పాటు వాడకపోయినా గోడ ఆరకపోవడానికి కారణం ఇదే.

నీరు నిలిపే పరీక్ష ఇలా జరిగింది.

1. నేలమీది నాహానీ ట్రాప్‌ను పాలిథిన్ చుట్టిన గుడ్డ ఉండతో బిగించి మూశాం.
2. రంగు కలిపిన నీటిని 3 సెం.మీ. లోతున నిలిపి, గోడమీద పెన్సిల్‌తో గీత పెట్టాం.
3. పక్కనే అంతే లోతు నీటితో ఒక ప్లాస్టిక్ ట్రే పెట్టాం. ఆవిరయ్యే నీటిని విడిగా లెక్కించడానికి ఈ ట్రే తప్పనిసరి.
4. 24 గంటల తర్వాత రెండింటినీ స్కేలుతో కొలిచాం.

నేలమీద నీరు 11 మి.మీ. తగ్గింది. ట్రేలో 2 మి.మీ. తగ్గింది. అంటే 9 మి.మీ. నీరు కిందికి దిగింది. గోడలో దాచిన సరఫరా పైపులను ప్లంబరు ప్రెషర్ పంపుతో పరీక్షిస్తే ముల్లు కదల్లేదు కనుక వాటిని వదిలేశాం.

ముందుగా తక్కువ విధ్వంసంతో అయ్యే పని ప్రయత్నించాం. టైలు సందుల్లోని పాత సిమెంటును గీకి ఎపాక్సీ గ్రౌట్ నింపించడానికి 4,200 రూపాయలు అయింది. మళ్లీ నీరు నిలిపితే 6 మి.మీ. తగ్గింది. ఆవిరి పోగా 4 మి.మీ. లీకు ఇంకా ఉంది. సందులు సగం దోషులు మాత్రమేనని, మిగతా సగం ట్రాప్ దగ్గర ఉందని దీంతో తేలింది. ఇక్కడ ఆగి పైన రంగు వేసుకునే ఇళ్లు చాలా ఉంటాయి. కొలవకపోతే మేమూ అక్కడే ఆగేవాళ్లం.

ట్రాప్ చుట్టూ రెండడుగుల మేర టైలు పగలగొట్టించాం. ట్రాప్ మెడ చుట్టూ వేసిన సిమెంటు చేతితో కదిపితే వచ్చేసింది. కింది ఇటుక ముక్కలు నల్లగా, పాచి వాసనతో ఉన్నాయి. కొత్త పీవీసీ ట్రాప్ బిగించి, చుట్టూ కుంచించుకుపోని గ్రౌట్ పోసి, దానిమీద పాలిమర్ కలిపిన సిమెంటు పూతను ఒకదానికొకటి అడ్డంగా రెండు కోట్లు వేశారు. టైలు వేయకముందే మళ్లీ 48 గంటలు నీరు నిలిపి చూశాం. మేస్త్రికి ఇది నచ్చలేదు. "పూత ఏసేసాం కదా సార్, ఇంక నీళ్లెందుకు?" అన్నాడు. టైలు పడ్డాక లీకు తేలితే మళ్లీ పగలగొట్టాలి కనుక ఈ రెండు రోజుల కూలి నష్టం భరించదగినదే. నేలమీద, ట్రేలో నీరు సమానంగా తగ్గాకే టైలు వేయనిచ్చాం. ఈ పనికి 16,500 రూపాయలు.

గుంతలో అప్పటికే నిలిచిన నీరు బయటికి పోయే దారి లేదు. పైపులు దిగే షాఫ్ట్ వైపు నుంచి, గుంత అడుగు మట్టానికి ఇటుక గోడలో 20 మి.మీ. రంధ్రం వేసి చిన్న పైపు పెట్టించాం (1,500). తొలి రాత్రే 14 లీటర్లు బకెట్లలో పట్టాం. ఆ తర్వాత కొన్ని వారాలు బొట్టు బొట్టుగా వచ్చింది. రంధ్రం ఇటుకలోనే వేయాలి. బీమ్‌లోకి, శ్లాబులోకి వెళ్లకూడదు.

ఇప్పటివరకు ఖర్చు: 26,050 రూపాయలు.

హాలు వైపు చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా ప్లాస్టరు మొత్తం ఇటుక వరకు కొట్టించాం. ఇటుకల మీది తెల్లని ఉప్పును పొడి బ్రష్‌తో గీకి, చేటలోకి ఎత్తి బయట పారేశాం. నీటితో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. తర్వాత గోడను అలాగే వదిలేశాం. వారం వారం మీటరు 38 నుంచి 31, 26, 22 అంటూ దిగి, చివరికి 13 దగ్గర నిలిచింది. చుట్టాలు వచ్చినప్పుడు హాల్లో ఇటుకలు కనిపించడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. అయినా అంకె దిగడం ఆగేదాకా ఆగాం.

ప్లాస్టరు 1:1:6 పాళ్లలో, అంటే సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, నది ఇసుక ఆరు. సున్నం కలిపిన ప్లాస్టరులోంచి మిగిలిన తేమ బయటికి రాగలదు. పైన లప్పం, ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దని సున్నమే వేయించాం. ఈ పనికి 6,800 రూపాయలు.

ఇప్పటివరకు ఖర్చు: 32,850 రూపాయలు.

దశ 3: తూర్పు గోడ

సముద్రం వైపు గోడ కనుక వాన కారణమని అందరూ ముందే తీర్పు చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు ఈ కిటికీల సందుల్లోంచి నీరు అడ్డంగా లోపలికి కొట్టిన సంగతి ఈ అపార్ట్‌మెంటులో అందరికీ గుర్తే. అయితే చినుకు పడని వారంలో కూడా మీటరు 27 నుంచి 25 వరకే దిగింది. అనుమానంతో రాత్రిపూట టార్చి వేసి చూస్తే పడకగది ఏసీ డ్రెయిన్ పైపు చివర సరిగ్గా సన్‌షేడ్ మీద వేలాడుతూ కనిపించింది. దాని కింద బకెట్ పెడితే ఒక రాత్రిలో 9 లీటర్లు నిండింది. సన్‌షేడ్ పైభాగం వాటం బయటికి కాక గోడ వైపుకు ఉంది. ప్రతి రాత్రీ ఆ నీరంతా గోడ సందులోకే చేరుతోంది.

పైపును పొడిగించి షాఫ్ట్‌లోని వాన నీటి పైపుకు కలపడానికి 650 రూపాయలు అయింది. రెండు వారాల్లో మీటరు 19కి దిగి అక్కడ ఆగింది. ఆ మిగిలినది వాన వాటా.

దాన్ని పట్టుకోవడానికి గొట్టంతో నీళ్లు కొట్టి చూశాం. కింది నుంచి మొదలుపెట్టి, ఒక్కో ఎత్తులో పది నిమిషాలు ఆగి, పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి అన్ని సందుల్లోనూ దూరుతుంది కనుక ఏది తప్పుదో తెలియదు. సన్‌షేడ్, గోడ కలిసే చోటికి నీరు చేరాకే లోపల మరక తడిసింది. పగుళ్లను వి ఆకారంలో కోసి పాలిమర్ మోర్టారు నింపి, ఫైబర్ మెష్ అంటించి, సన్‌షేడ్ వాటం బయటికి మార్చి, కింది అంచున నీటి చుక్క వెనక్కి పాకకుండా గాడి తీసి, సాగే గుణమున్న బయటి పూత రెండు కోట్లు వేశారు. తాళ్లమీద దిగి పనిచేసే కూలీ ఖరీదు ఇందులో పెద్ద భాగం: మొత్తం 13,400.

ఇప్పటివరకు ఖర్చు: 46,900 రూపాయలు.

దశ 4: బీరువా గోడ

ఈ గోడకు పైపు లేదు, వాన తగలదు. నీరు గాలిలోంచి వస్తోంది. అది ఎందుకు వస్తోందో అర్థం కావడానికి ఒక లెక్క అవసరం.

గాలి ఏ వేడికి చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని డ్యూ పాయింట్ అంటారు. తేమ 50 శాతం దాటినప్పుడు దీన్ని నోటి లెక్కతో కట్టవచ్చు. 100లోంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించి, గది వేడిలోంచి తగ్గించాలి. పట్టికతో పోలిస్తే సుమారు ఒక డిగ్రీ వరకు తేడా రావచ్చు, తేమ ఎక్కువైన కొద్దీ అది తగ్గుతుంది. మన పనికి అది చాలు. కింద ఇచ్చిన డ్యూ పాయింట్లు మాత్రం పట్టిక ప్రకారం ఉన్నవి.

ఆగస్టు రాత్రుల్లో సామాన్ల గదిలో 31 డిగ్రీలు, 78 శాతం తేమ. డ్యూ పాయింట్ సుమారు 26.7 డిగ్రీలు. గోడకు అవతల పడకగదిలో ఏసీ 21 డిగ్రీల మీద నడుస్తోంది. సామాన్ల గది వైపు ఖాళీగా ఉన్న గోడ 27.9 డిగ్రీలు. బీరువా వెనుక గోడను కొలవడానికి బీరువా జరిపితే గోడ వేడెక్కిపోతుంది కాబట్టి, వెనుక ప్లైవుడ్‌కు రెండున్నర సెం.మీ. రంధ్రం వేసి, చీరలు పక్కకు జరిపి, గన్‌ను రంధ్రానికి ఆనించి కొలిచాను. 25.7 డిగ్రీలు వచ్చింది. డ్యూ పాయింట్‌కు ఒక డిగ్రీ కింద.

పాలిథిన్ పరీక్ష మొదట ఎందుకు విఫలమైందో ఈ రెండు అంకెలు చెబుతాయి. ఖాళీ గోడను ఏసీ చల్లబరుస్తుంటే సామాన్ల గదిలోని వేడి గాలి ఇవతలి నుంచి వేడి అందిస్తుంటుంది. బీరువా, దాని నిండా బట్టలు అడ్డం వస్తే ఆ వేడి గోడకు చేరదు. ఆవిరి మాత్రం సందుల్లోంచి చేరుతుంది. గోడ మరింత చల్లబడుతుంది.

అయితే ఖాళీ గోడ కూడా క్షేమం కాదు. నీటి చుక్క కనబడకపోయినా, గోడ ఉపరితలం దగ్గర తేమ 80 శాతం దాటి ఎక్కువకాలం ఉంటే బూజు పెరుగుతుంది. గోడ వేడి డ్యూ పాయింట్‌కు సమానమైతే అక్కడ తేమ 100 శాతం. ఆపైన ఒక్కో డిగ్రీకి సుమారు 5 శాతం తగ్గుతుంది. కాబట్టి గోడ డ్యూ పాయింట్‌కన్నా కనీసం 4 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. ఖాళీ గోడకు కూడా మాకు ఉన్న తేడా 1.2 డిగ్రీలే. తర్వాతి ప్రయత్నాలన్నింటినీ ఈ 4 డిగ్రీల లెక్కతోనే తూచాను.

*కిటికీ తెరవడం.* చెమ్మకు అందరూ చెప్పే మొదటి సలహా గాలి ఆడనివ్వమని. చలి దేశాల్లో బయటి గాలి పొడిగా ఉంటుంది కనుక అక్కడ అది సరైన మాట. ఆగస్టు రాత్రి విశాఖలో బయట 29.5 డిగ్రీలు, 87 శాతం తేమ ఉంది. సామాన్ల గది కిటికీని రాత్రంతా తెరిచి ఉంచితే గది 30.3 డిగ్రీలకు దిగింది కానీ తేమ 83 శాతానికి పెరిగింది. డ్యూ పాయింట్ 27.1 అయింది. గాలి చల్లగా అనిపించింది, బూజుకు మాత్రం మేలే జరిగింది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ సలహా ఇక్కడా పనిచేస్తుంది. ఏసీ నడిచే కాలంలో పనిచేయదు.

*తేమ పీల్చే డబ్బాలు.* కాల్షియం క్లోరైడ్ డబ్బాలు నాలుగు (720 రూపాయలు). ఐదు వారాలకు నాలుగింటిలో కలిపి సుమారు రెండు లీటర్ల నీరు చేరింది. చూడటానికి ఘనంగానే ఉంటుంది. అయితే గది 12.5 ఘనపు మీటర్లు. తలుపు సందుల్లోంచి రెండు గంటలకోసారి గాలి మారుతుందనుకున్నా, ఆ గాలిని బూజు పెరగని స్థితికి ఆరబెట్టాలంటే రోజుకు సుమారు లీటరు నీరు తీయాలి. మూత బిగుతుగా పడే ట్రంకు పెట్టెలో అయితే ఈ డబ్బాలు బాగానే పనిచేస్తాయి. గదికి చాలవు. నాఫ్తలీన్ ఉండలు పురుగును ఆపుతాయి గానీ బూజును ఆపవు.

*థర్మోకోల్ షీట్లు.* సామాన్ల గది వైపు గోడకు 25 మి.మీ. షీట్లు జిగురు చుక్కలతో అంటించాం (1,900). చేత్తో తాకితే షీటు వెచ్చగానే ఉంది. కొన్ని వారాలకు ఒక షీటును ఊడదీస్తే వెనుక గోడమీద నల్లని చుక్కలు జిగురు మచ్చల మధ్య ఖాళీల ఆకారంలోనే బారులు తీరి ఉన్నాయి. షీటు వల్ల గోడకు ఇవతలి వేడి అసలే అందకుండా పోయింది. షీట్ల సందుల్లోంచి దూరిన తేమగాలి ఆ చల్లని గోడను చేరింది. బీరువా చేసిన పనినే థర్మోకోల్ ఇంకా సమర్థంగా చేసింది. ఇలాంటి పొర వేయాలంటే ఏసీ ఉన్న గది వైపే వేయాలి. అప్పుడు ఇటుక వెచ్చగా ఉంటుంది. పడకగది వైపు ఆ గోడకు మంచం, స్విచ్ బోర్డులు ఉన్నందున మేం ఆ దారి పట్టలేదు.

*ఏసీ వేడి పెంచడం.* 2020 జనవరి నుంచి వస్తున్న స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో మొదలవుతాయి. మాది అంతకు ముందుది, 21 దగ్గరే అలవాటుపడింది. సీలింగ్ ఫ్యాన్ తోడు చేసి 25కు మార్చాం. బీరువా వెనుక గోడ 27.5కు వచ్చింది. నీరు కట్టడం ఆగింది. డ్యూ పాయింట్‌తో తేడా ఇంకా 0.8 డిగ్రీలే కాబట్టి బూజు ఆగలేదు. ఖర్చు లేని మార్పు, కరెంటు బిల్లు తగ్గింది కనుక అలాగే ఉంచేశాం.

ఇప్పటివరకు ఖర్చు: 49,520 రూపాయలు. ఈ దశలో పోసిన 2,620 పూర్తిగా వృథా.

చివరికి పనిచేసిన ఏర్పాటు

గోడను వెచ్చబరచడం కష్టమని తేలింది కనుక, గోడ దగ్గరి గాలి డ్యూ పాయింట్‌ను దించాలి. డీహ్యూమిడిఫయర్ కొనవచ్చు. అయితే ఏసీ అప్పటికే రాత్రికి తొమ్మిది లీటర్ల నీరు తీస్తోంది. ఆ పొడి గాలి గోడకు అవతలే ఉంది. పడకగదిలో 25 డిగ్రీలు, 58 శాతం తేమ ఉన్నప్పుడు డ్యూ పాయింట్ 16.2. పైగా గోడ చల్లబడేది ఏసీ నడిచినప్పుడే. పొడి గాలి దొరికేదీ అప్పుడే. రెండూ ఒకే వేళకు రావడం ఈ ఏర్పాటుకు అసలు బలం.

1. గోడలో బీమ్, స్తంభం, కరెంటు పైపు లేని చోట కోర్ కటింగ్‌తో (గోడను గుండ్రంగా కోసే యంత్రంతో) 100 మి.మీ. రంధ్రాలు రెండు వేయించాలి. ఒకటి పైన, ఒకటి కింద, ఎదురెదురు మూలల్లో (1,600).
2. పై రంధ్రంలో చిన్న ఫ్యాన్ బిగించి, పడకగది గాలిని సామాన్ల గదిలోకి పంపాలి (1,450).
3. కింది రంధ్రానికి జాలి పెట్టి గాలి తిరిగి రానివ్వాలి. ఈ రెండో రంధ్రం లేకపోతే పడకగదిలోంచి పోయిన గాలికి బదులు బయటి తేమగాలి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది.
4. సామాన్ల గది కిటికీకి రబ్బరు గాస్కెట్, తలుపు అడుగున బ్రష్ పట్టీ వేయాలి (జాలితో కలిపి 900).
5. బీరువాకు కాళ్లు వేసి గోడకు 10 సెం.మీ. దూరం జరపాలి (600).

ఫ్యాన్‌ను ఏసీ స్విచ్‌తో కలపకుండా విడి టైమరుకు పెట్టాం. ఏసీ ఆగాక కూడా గంటసేపు తిరుగుతుంది. గోడ వెంటనే వేడెక్కదు కనుక ఆ గంట అవసరం.

మొదటి కొన్ని రాత్రులు తేమ 70 శాతం దగ్గరే ఆగింది. బట్టలు, పుస్తకాలు, అట్టపెట్టెలు పీల్చుకున్న నీరు బయటికి వస్తున్నంతకాలం అలాగే ఉంటుంది. తర్వాత 27.6 డిగ్రీలు, 62 శాతం దగ్గర స్థిరపడింది. డ్యూ పాయింట్ 19.7. బీరువా వెనుక గోడ 26.9 డిగ్రీలు. తేడా 7.2 డిగ్రీలు, అంటే ఉపరితలం దగ్గర తేమ 65 శాతం లోపే.

ఇప్పటివరకు ఖర్చు: 54,070 రూపాయలు.

బూజు శుభ్రం చేయడం దీని తర్వాతే మొదలుపెట్టాం. పొడిగా గీకితే బూజు పొడి ఇల్లంతా ఎగురుతుంది. ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకుని, డిటర్జెంటు నీటిలో పిండిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ తుడవాలి. బ్లీచింగ్ ద్రావణం వాడేవారు దాన్ని టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. బీరువా వెనుక ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది కాబట్టి కొత్తది వేయించాం (2,300).

మొత్తం ఖర్చు: 56,370 రూపాయలు.

అక్టోబరు చివరి కొలతలు, మిగిలిన పనులు

హాలు గోడ 12. సున్నం వేసిన చోట అరచేతి మేర మళ్లీ తెల్లని పొడి కనిపించింది. లోపల మిగిలిన ఉప్పు పైకి వస్తోంది. అంకె పెరగలేదు కనుక పొడి బ్రష్‌తో తీసేశాం, ఇంకేమీ పూయలేదు. తూర్పు గోడ, ఈశాన్యపు గాలివానలు రెండు దాటాక, 11. బీరువా గోడ 9, అంటే పొడి గోడతో సమానం.

సామాన్ల గది తేమ ఒక వారంలో 62 నుంచి 68కి పెరిగింది. లోపం ఫ్యాన్ ముందు జాలిలో దొరికింది. పరుపు దూది, దుమ్ము కలిసి మందంగా పేరుకున్నాయి. కడిగి పెట్టగానే మర్నాటికి తేమ పాత అంకెకు వచ్చింది. నెలకోసారి జాలి కడగడం ఏసీ ఫిల్టరు కడిగే రోజుకే జత చేశాం.

సన్‌షేడ్ అడుగున ఒక చోట తుప్పు రంగు గీత కాంక్రీటు లోపలి ఇనుప కమ్మీ వెంట సాగుతోంది. సుత్తి పిడితో తడితే బోలుగా మోగింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే పాత కాంక్రీటులో ఇది పూతతో తీరేది కాదు. కమ్మీ దాకా కొట్టి, తుప్పు తీసి, మళ్లీ కట్టాలి. స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాలని అసోసియేషన్‌కు రాసి ఇచ్చాం. ఆయన చూసి చెప్పేదాకా ఆ సన్‌షేడ్ కింద ఎవరూ స్కూటరు పెట్టకుండా తాడు కట్టించాం.